పంటమిగులు – పల్లెకు కలిమి

(ఎల్‌బీ నగర్ పరిసర మండలముల గ్రామపంచాయతీ సభ్యుల సమావేశమున సమాచార శాఖ పక్షమున చేసిన ప్రసంగపాఠము)



మనము నేడు కూడిన ఈ ఎల్‌బీ నగర్ కూడలి నుండి రెండు పెద్ద రహదారులు చీలుచున్నవి. ఒకటి హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్, చౌటుప్పల్ మీదుగా విజయవాడకు పోవుచున్నది. రెండవది ఇబ్రహీంపట్నము, యాచారము, మాల్ మీదుగా నాగార్జునసాగరమునకు పోవుచున్నది. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు దాల్చిన ఈ ప్రాంతము 2007లో హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసినది. 2018లో మెట్రో రైలు ఇచ్చటి వరకు వచ్చినది. ఈ మేడల నడుమ నిలిచి చూచువారికి పొలములు ఏ దూరదేశమందో ఉన్నట్లు తోచును. కాని ఈ రెండు రహదారులలో దేనివెంట పోయినను కొలది సేపటిలో వరి మడులు, పత్తిచేలు, కందిసాళ్లు కనుపించును. మీరు ఆ చేల నుండి వచ్చినవారు. మేము చెప్పబోవునది ఆ చేలలో పంట ఇంటికి చేరిన పిదప మిగులు గడ్డి, కట్టె, ఊక, పొట్టులను గూర్చియే.

రైతు విత్తునది గింజ కొరకు. కాని నేల ఇచ్చునది గింజ ఒక్కటియే కాదు. ఒక బస్తా వడ్లు పండిన చోట ఇంచుమించు అంత బరువు గల గడ్డియో, అంతకు మించిన గడ్డియో కూడ పండును. ఒక ఎకరము పత్తి తీసిన పిదప సుమారు ఒక టన్ను కట్టె చేనిలో నిలిచియుండును. కంది, ఆముదము, మొక్కజొన్నల సంగతియు అంతియే. దేశము మొత్తము మీద ఏటేట సుమారు 50 కోట్ల టన్నుల పంటమిగులు లభించుచున్నదని కేంద్రప్రభుత్వ అంచనా. అందులో చాల భాగము పశువుల మేతకును, వంటచెరకునకును, ఎరువునకును వినియోగపడుచున్నను, సుమారు 9 కోట్ల టన్నులు చేలలోనే కాల్చివేయబడుచున్నవి.

మన తాతల కాలమున ఈ ప్రశ్న లేదు. ఇంటింట ఎడ్లజత, పాడిగేదెలు ఉండెడివి. వరిగడ్డి వామిలోనికి, జొన్నచొప్ప మంచె మీదికి, కందికట్టె పొయ్యిలోనికి, దడికిని చేరెడివి. గొడ్లు తినగా విడిచిన పరక పెంటకుప్పకు పోయి, మరల చేనికే వచ్చెడిది. చేను ఇచ్చినది చేనికే తిరిగి చేరుచుండెను. నేడు ఎడ్ల స్థానమున ట్రాక్టరు వచ్చినది. కొడవలి స్థానమున కోతయంత్రము వచ్చినది. పొయ్యి స్థానమున గ్యాసు వచ్చినది. ఇవియన్నియు మంచి మార్పులే. కాని గడ్డిని, కట్టెను ఇంటికి తెచ్చు పని ఈ మార్పులలో ఎవరి వంతును కాకపోయినది.

రైతు నిప్పు ఏల పెట్టుచున్నాడు?

ఈ ప్రశ్నకు సమాధానము తెలియకుండ రైతునకు నీతులు చెప్పుట వృథా. కోతయంత్రము వరిని మొదలంట కోయదు. జానెడు, మూరెడు కొయ్యలను నిలిపి, గడ్డిని చేనెల్ల చిందరవందరగా పడవేయును. వానకాలపు పంట తీసిన తరువాత యాసంగి నాట్లకు రైతునకు ఉండు వ్యవధి కొలది వారములు మాత్రమే. గడ్డిని ఏరి కుప్పవేయుటకు కూలీలు దొరకరు. దొరికినను గడ్డి వెల కంటె కూలి వెల ఎక్కువ కావచ్చును. దున్ని కలియబెట్టినచో అది కుళ్లుటకు సమయము పట్టును. అగ్గిపెట్టె కొనుటకు మాత్రము ఒకటి రెండు రూపాయలు చాలును. పని ఒక సాయంకాలములో ముగియును. లెక్క తెలియక రైతు ఈ పని చేయుటలేదు. తన చేతిలోనున్న లెక్క ప్రకారమే చేయుచున్నాడు. ఆ లెక్కలోనికి రాని నష్టములను ఆతని ముందుంచుట, వానిని తప్పించుకొను మార్గము ఆతనికి అందుబాటులోనికి తెచ్చుట మన పని.

ఒక టన్ను వరిగడ్డిలో సుమారు ఐదున్నర కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరము, 25 కిలోల పొటాషు, 1.2 కిలోల గంధకము ఉండునని వ్యవసాయ శాస్త్రజ్ఞులు లెక్కించియున్నారు. గడ్డిని కాల్చినపుడు నత్రజని ఇంచుమించు అంతయు పొగలో కలిసిపోవును. పొటాషు కొంత బూడిదలో నిలుచును గాని, ఆ బూడిదను గాలి ఎత్తుకొనిపోవును, తొలకరి వాన కడిగివేయును. ఒక గ్రామములో 300 ఎకరముల వరి ఉన్నదనుకొందము. ఎకరమునకు రెండు టన్నుల గడ్డి చొప్పున 600 టన్నులు. అందలి నత్రజని 3,300 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండు నత్రజని 20 కిలోల పైచిలుకు మాత్రమే. అనగా గడ్డినంతటిని కాల్చిన గ్రామము ఒక్క పంటకు సుమారు 160 బస్తాల యూరియాలోనుండు నత్రజనిని ఆకాశమునకు పంపుచున్నదన్నమాట. గడ్డిని నేలలో కలిపినంత మాత్రమున ఆ 160 బస్తాలు ఆ ఏడే ఆదా అగునని మేము చెప్పము. గడ్డి మెల్లగా కుళ్లును. దానిలోని సారము కొన్ని పంటల కాలములో మెల్లగా దిగును. కాని గ్రామమునకు చెందిన ఆస్తి గ్రామములోనే ఉండును.

ఒక టన్ను గడ్డి కాలినపుడు సుమారు 3 కిలోల సన్నని మసిధూళి, 60 కిలోల కార్బన్ మోనాక్సైడు, 1,460 కిలోల బొగ్గుపులుసు గాలి వెలువడునని అంచనా. ఆ మసిని మొదట పీల్చువారు నగరవాసులు కారు. గట్టు మీద నిలుచున్న రైతు, ఆతని ఇంటిలోని పసిపిల్లలు, ఆయాసముతో బాధపడు వృద్ధులు. ఎండకాలపు గాలికి మంట గట్టు దాటి పొరుగువాని మామిడితోటకో, గడ్డివామికో, బోరు మోటారు తీగెలకో అంటుకొనిన ఉదంతములు మీకు మా కంటె ఎక్కువ తెలియును. అట్టి దినమున తగవు పంచాయతీ కార్యాలయమునకే వచ్చును గదా!

కుప్పపడిన మిగులు, చెదరిన మిగులు

ఇచ్చట ఒక విషయము గమనింపదగియున్నది. అన్ని పంటమిగులులను మనము కాల్చివేయుటలేదు. 100 కిలోల వడ్లు మరపట్టినచో సుమారు 20 కిలోల ఊక వచ్చును. ఆ ఊకను ఎవరును దారి ప్రక్కన తగులబెట్టరు. రైసుమిల్లులు దానినే బాయిలరులో వేసి ఉప్పుడు బియ్యమునకు ఆవిరి పుట్టించుకొనుచున్నవి. ఇటుకబట్టీలవారు దానిని కొనుక్కొనుచున్నారు. తవుడు నుండి నూనె తీయుచున్నారు. ఊక కాలిన బూడిదలో అధికభాగము సిలికా యగుటచే దానికిని ఉపయోగములు కలవు. బోధనులో 1937లో స్థాపింపబడిన నిజాము చక్కెర కర్మాగారము వంటి మిల్లులన్నియు చెరకు పిప్పినే ఇంధనముగా వాడుకొనినవి. ఇతర ప్రాంతములలో అదే పిప్పితో కాగితము కూడ తయారగుచున్నది.

ఊకకు, పిప్పికి విలువ వచ్చి, పత్తికట్టెకు, వరికొయ్యలకు రాకపోవుటకు కారణమేమి? గుణములో లోపము కాదు. ఊక మిల్లు గడపలోనే కుప్పపడును. దానిని ఏరుకొను ఖర్చు లేదు. పత్తికట్టె వందల చేలలో చెదరియుండును; దానిని పెరికి, కట్టగట్టి, ఒకచోటికి చేర్చువారు లేరు. కుప్పపడిన మిగులుకు ధర, చెదరిన మిగులుకు నిప్పు – ఇది మన పల్లెలలో నడచుచున్న నియమము. కావున ఏ యంత్రము కొనవలెను, ఏ వస్తువు చేయవలెనను దాని కంటె ముందు, ఎవరు పోగుచేయవలెనను ప్రశ్నకు సమాధానము కావలెను. ఒక్క రైతు ఒంటరిగా చేయలేని ఆ పనిని గ్రామము కలిసి చేయగలదు. గ్రామమునకు చేయి, కాలు పంచాయతీయే.

మన చెంతనున్న పరిశోధనలు

దూరదేశముల ఉదాహరణలు మనకు అక్కరలేదు. ఈ కూడలికి దగ్గరలో, సంతోష్‌నగర్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ కలదు. దానిని క్రీడా అని క్లుప్తముగా పిలుచుచున్నారు. 1970లో మెట్ట వ్యవసాయమును గూర్చిన అఖిలభారత సమన్వయ పరిశోధనగా ఆరంభమై, 1985లో పూర్తి సంస్థ రూపము దాల్చినది. దీని పరిశోధన క్షేత్రములలో ఒకటి హయత్‌నగర్‌లో, మరియొకటి యాచారము వైపు గునుగల్‌లో ఉన్నవి. హయత్‌నగర్ క్షేత్రము నేల మీ చేల వంటి ఎర్ర చల్కయే. ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్ల వాన. అందువలన అచ్చట తేలిన విషయములు మీ చేలకు దగ్గరగా వర్తించును.

ఈ క్షేత్రమున 1990ల నడుమ నుండి ఒక దీర్ఘకాల ప్రయోగము నడచినది. ఒక ఏడు జొన్న, మరుసటి ఏడు ఆముదము వేయుచు, కొన్ని మడులలో హెక్టారుకు రెండు టన్నుల జొన్నచొప్పను, కొన్నింటిలో అంతే గ్లిరిసిడియా కొమ్మలను నేలపై పరచి, కొన్నింటిని ఏమియు పరవక విడిచి, నేల ఎట్లు మారుచున్నదో ఏండ్ల తరబడి పరిశీలించినారు. చొప్పయో, ఆకుకొమ్మయో పడిన మడులలో నేల గుణము మెరుగుపడినట్లు తేలినది. చల్కనేలకు ప్రధానమైన కొరత సేంద్రియ కర్బనము. అది లేని నేల వాన కురియగానే పైన పొర గట్టును, నీటిని పట్టి నిలుపజాలదు. పరచిన చొప్ప ఆ పొరను ఆపును, వాననీటిని ఇంకించును. గట్ల మీద గ్లిరిసిడియా నాటుట ఈ సంస్థ చిరకాలముగా ప్రోత్సహించుచున్న సులభమైన పద్ధతి.

పత్తి, కంది, ఆముదపు కట్టెలు మేతకు పనికిరావు, త్వరగా కుళ్లవు. వీని కొరకు ఇదే సంస్థ శాస్త్రజ్ఞులు చవకయైన బయోచార్ డ్రమ్మును రూపొందించినారు. బయోచార్ అనగా తగినంత గాలి తగులనీయక కట్టెను మాడ్చి చేసిన బొగ్గు. మామూలు నూనెడ్రమ్ము, అనగా సుమారు 200 లీటర్లు పట్టునది, తీసికొని అడుగున గాలి పోవుటకు రంధ్రములు చేయుదురు; పైన మధ్యభాగమున కట్టె వేయుటకు దారి ఉంచుదురు. ఎండిన కట్టెను చిన్న తునకలుగా నరికి నింపి, పైనుండి అంటింతురు. తొలుత తెల్లని పొగ దట్టముగా వచ్చును. పొగ తగ్గి మంట తేటపడినపుడు పై మూత మూసి, మట్టితో సందులు కప్పి, అడుగు రంధ్రములకును గాలి అందకుండ చేయుదురు. పూర్తిగా చల్లారిన పిదపనే తెరువవలెను. తొందరపడి తెరచినచో గాలి సోకి లోని బొగ్గు బూడిదయగును. 100 కిలోల కట్టెకు సుమారు 25 నుండి 35 కిలోల బయోచార్ లభించును.

దీనిని చల్కనేలలో కలిపినందువలన కలుగు లాభమేమి? ఈ బొగ్గు తేనెపట్టు వలె సన్నని రంధ్రములు గలది. నీటిని, ఎరువుసారమును పట్టియుంచును. కుళ్లిపోదు గనుక అందలి కర్బనము వందలయేండ్లు నేలలో నిలుచును. దక్షిణ అమెరికాలో అమెజాను నదీతీరమున పూర్వులు బొగ్గు కలిపిన నల్లనేలలు నేటికిని సారవంతముగా ఉన్నవి. అయితే బయోచార్ తనంతట తాను ఎరువు కాదు. పశువుల పెంటతోనో, కంపోస్టుతోనో కలిపి కొన్నిదినములు నానబెట్టి చేనికి తోలుట మేలు. మరియొక మాట: ఒక్క డ్రమ్ముతో గ్రామమంతటి పత్తికట్టె తీరదు. 200 ఎకరముల పత్తి గల గ్రామములో 200 టన్నుల కట్టె ఉండును. కావున ఇది రైతు రైతుకు, చేను గట్టున, కొంచెము కొంచెముగా జరుగవలసిన పని. డ్రమ్ములను పంచాయతీ సమకూర్చి వంతులవారీగా ఇచ్చుట ఒక మార్గము.

పత్తికట్టె విషయమున ఆలస్యము పనికిరాదని ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము. విప్పని కాయలు తగిలియున్న కట్టెలో గులాబీరంగు పురుగు దాగియుండి, మరుసటి పంటకు సిద్ధముగా ఉండును. వానకాలము వరకు కట్టెను గ్రామము అంచున కుప్పవేసి ఉంచుట ఆ పురుగును పెంచుటయే. కట్టెను పెరికిన వెంటనే కాయలను ఏరి నాశనము చేయవలెను. కట్టెను తునకలు చేయుటయో, బొగ్గు చేయుటయో, అమ్మివేయుటయో కొలది వారములలో ముగింపవలెను.

గడ్డితో ఇటుక, కట్టెతో పలక

పంటమిగులుతో గృహనిర్మాణ వస్తువులు కూడ చేయవచ్చునని మన జిల్లాల సమీపముననే నిరూపింపబడినది. సంగారెడ్డి వద్ద కందిలోనున్న హైదరాబాదు ఐఐటీ వారు, భువనేశ్వరములోని కీట్ విద్యాసంస్థతో కలిసి గడ్డియిటుకను తయారుచేసినారు. వరిగడ్డి, గోధుమగడ్డి, చెరకుపిప్పి, పత్తికట్టె – వీనిలో లభించినదానిని నరికి, సున్నపు ముద్దతో కలిపి, అచ్చులో కూరి, నీడను ఆరబెట్టుదురు. అచ్చు విప్పిన తరువాత 15, 20 దినములు ఆరవలెను. పూర్తి గట్టిదనము వచ్చుటకు ఇంచుమించు నెల పట్టును. బట్టీ లేదు, బొగ్గు లేదు, చేనిమట్టి తవ్వనక్కరలేదు. మట్టియిటుక బరువులో ఇది సుమారు ఎనిమిదవ వంతు మాత్రమే. వేడిని, శబ్దమును ఆపుగుణము కలదు. 2021 సెప్టెంబరులో ఈ ఇటుకలతో కట్టిన కావలివాని గది ఐఐటీ ఆవరణలో ప్రారంభింపబడినది.

దీని పరిమితిని కూడ తెలిసికొనుట అవసరము. గడ్డియిటుక కాల్చిన ఇటుకంత బలమైనది కాదు. పైకప్పు బరువును మోయజాలదు. ఆ కావలిగదికిని ఇనుపచట్రము వేసి, గోడలకు ఇరుప్రక్కల సిమెంటు పూత పూసినారు. కావున చట్రము గల కట్టడములకు గోడగా, కప్పు మీద వేడిని ఆపు పొరగా ఇది తగినది. ఎండకాలమున రేకులకప్పు క్రింద ఉడికిపోవు అంగన్‌వాడీ గదినో, గొర్రెలకొట్టమునో తలచుకొనినచో దీని ఉపయోగము మీకే తోచును.

పత్తికట్టె నార గుణమున అడవికలపకు దగ్గరగా ఉండును. ముంబాయిలో 1924లో నెలకొని, నేడు కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థగా పేరొందిన సంస్థవారు పత్తికట్టెను పొడిగా చేసి, జిగురుతో కలిపి, వేడియందు అదిమి, బల్లలకును, తలుపులకును పనికివచ్చు పలకలను చేయవచ్చునని చూపినారు. నాగపురములో ప్రదర్శన కర్మాగారమును కూడ నడిపినారు. పత్తి విస్తారముగా పండించు మన రాష్ట్రమునకు ఇది ఆలోచింపదగిన మార్గము. అయితే ఇది ఒక గ్రామపు పని కాదు. అనేక గ్రామముల కట్టె ఏడాది పొడవున అందినగాని యంత్రము ఆడదు.

మహిళాసంఘములు తక్షణమే చేపట్టదగిన పని ముత్యపుచిప్ప పుట్టగొడుగుల పెంపకము. శుభ్రమైన వరిగడ్డిని రెండంగుళముల తునకలుగా నరికి, రాత్రియంతయు నానబెట్టి, వేడినీటిలో ఉడికించి, తడి ఆరినంత వరకు నీడను పరచి, సంచులలో పొరలుపొరలుగా విత్తనముతో నింపుదురు. చీకటిగదిలో రెండు మూడు వారములలో తెల్లని బూజు సంచియెల్ల అల్లుకొనును. ఆ పిదప గాలి, తేమ తగిలించినచో పుట్టగొడుగులు వచ్చును. మంచి శ్రద్ధతో చేసినచో కిలో ఎండుగడ్డికి అరకిలోకు పైగా పుట్టగొడుగులు రావచ్చును. మిగిలిన గడ్డి మంచి కంపోస్టు అగును. సరూర్‌నగర్ రైతుబజారు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ దుకాణములు మీ ముంగిట నుండగా అమ్మకమునకు దూరము పోనక్కరలేదు. కాని పుట్టగొడుగు ఒకటి రెండు దినములకు మించి నిలువదు. కొనువారిని ముందు కుదుర్చుకొని, తరువాత సంచులు కట్టుట తెలివి.

నగరము కూడ మన గడ్డిని కోరుచునే యున్నది. కొత్తపేటలో గడ్డిఅన్నారము పండ్లమార్కెట్టు ఉన్న రోజులలో మామిడికాయల క్రింద పరచుటకు బండ్లకొలది వరిగడ్డి వచ్చెడిది. ఆ మార్కెట్టు 2021లో బాటసింగారమునకు తరలినది. అనగా మీ గ్రామములకు ఇంకను దగ్గరైనది. పాడిపశువులు గలవారికి గడ్డి నిత్యావసరము. గడ్డిని చుట్టలుగా కట్టు బేలరు యంత్రములు నేడు బాడుగకు దొరకుచున్నవి. మామిడి కాలమునకు ముందే మార్కెట్టువారితో, పాడిరైతులతో మాటలాడి ఉంచిన పంచాయతీకి కొనువాడు ఇంటికే వచ్చును.

తడివ్యర్థముల సంగతి వేరు. బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో దినమునకు సుమారు 10 టన్నుల కుళ్లిన కూరగాయలతో, తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పద్ధతిని అనుసరించి, గ్యాసు పుట్టించి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు తీసినారు. టమాట, ఆకుకూరలు పండించు గ్రామములు పేడతో కలిపి చిన్న గ్యాసుప్లాంటులను నడుపుకొనవచ్చును.

మోసపోకుండుట ఎట్లు?

ఈ మాటలు విని, రేపే ఒక కర్మాగారము పెట్టుదమని ఉత్సాహపడువారుందురు. వారికి ఒక హెచ్చరిక. సంయుక్త ఆంధ్రప్రదేశములో 2000 సంవత్సర ప్రాంతమున ఊక, కట్టెలతో విద్యుత్తు చేయు చిన్న కర్మాగారములు పలుచోట్ల వెలసినవి. వానిలో పెక్కు తరువాత మూతపడినవి. కర్మాగారము రాకముందు ఊరక దొరకిన ఊకకు, కర్మాగారము వచ్చిన మరునాటి నుండి ధర పెరిగినది. విద్యుత్తుకు వచ్చు వెల ఆ ధరకు సరిపోలేదు. కొనువాడు వచ్చిన క్షణమున వ్యర్థము సరకగును. ఇది రైతునకు మంచిదే. కాని ఊరక దొరకునను లెక్కతో పెట్టిన పరిశ్రమ నిలువదు.

2021లో కేంద్ర విద్యుత్ శాఖ బొగ్గు విద్యుత్ కేంద్రములలో పంటమిగులు గుళికలను కొంత శాతము కలిపి కాల్చవలెనను విధానమును ప్రకటించినది. గుళికల వ్యాపారులు మీ గ్రామములకు రావచ్చును. వారిని ఆదరింపుడు. కాని మూడు ప్రశ్నలు అడుగుడు: కట్టెను పెరుకుకూలి ఎవరిది? ధర చేనివద్దనా, కర్మాగారము వద్దనా? ఎన్ని సంవత్సరములకు వ్రాతపూర్వకముగా ఒప్పుకొందురు? ఈ మూడింటికి సరియైన జవాబు లేని బేరము రైతునకు చేరదు.

మరియొక జాగ్రత్త కూడ అవసరము. అమ్ముడుపోవుచున్నది గదా అని చేనిలోని ప్రతి పరకను అమ్మివేసినచో, నిప్పు చేసిన నష్టమే బేరము కూడ చేయును. నేలకు చెందవలసిన వంతు నేలకు విడువవలెను. మేతకు కావలసినది మేతకు ముందు ఉంచవలెను. ఆ పిదపనే అమ్మకము.

పంచాయతీ చేయవలసినది

2019, 2020 సంవత్సరములలో రాష్ట్రమునందలి 12,769 గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటిట్యాంకరు సమకూర్చబడినవి. పెక్కు గ్రామములలో చెత్తను వేరుచేయు కొట్టములు, నర్సరీలు కూడ ఏర్పడినవి. అనగా పోగుచేయుటకు బండి, కంపోస్టు వేయుటకు చోటు, ఆ కంపోస్టు వాడుటకు నర్సరీ – మూడును మీ అధీనముననే ఉన్నవి. వీనిని ఆధారము చేసికొని ఈ పనులను వరుసగా చేపట్టవచ్చును.

మొదట లెక్క వ్రాయుడు. గ్రామములో వరి ఎన్ని ఎకరములు, పత్తి ఎన్ని, కంది ఎన్ని, పశువులు ఎన్ని. మేతకు ఎంత పోవును, ఎంత మిగులును – ఈ అంకెలు పంచాయతీ గోడపై వ్రాయింపుడు. తన గ్రామపు మిగులు తెలియని పంచాయతీ ఏ వ్యాపారితోను బేరమాడలేదు.

రెండవది, కోతకు ముందే గ్రామసభ పిలిచి, ఏ చేలకు బేలరు, ఏ చేలకు దున్నకము, ఎవరికి డ్రమ్ము అను వంతులు నిర్ణయింపుడు. కోత అయిన తరువాత పిలిచిన సభకు ముందే అగ్గిపుల్ల వచ్చియుండును.

మూడవది, కంపోస్టు గుంటలు. ఆల్బర్టు హోవర్డు అను శాస్త్రజ్ఞుడు 1924 నుండి 1931 వరకు ఇండోరులో మన రైతుల పద్ధతులనే పరిశీలించి కంపోస్టు విధానమును క్రమపరచెను. గడ్డిలో కర్బనము మిక్కుటము, నత్రజని స్వల్పము. పచ్చిరొట్టయో, పేడనీళ్లో పొరపొరకు చేర్చినగాని అది కుళ్లదు. తేమ తగ్గనీయక, నెలకొకసారి తిరగవేసినచో కొలది నెలలలో నల్లని ఎరువు సిద్ధమగును.

నాలుగవది, ఎండకాలమున నీటిట్యాంకరును నింపి సిద్ధముగా ఉంచుడు. ఎవరైన నిప్పు పెట్టినచో ముందు మంట ఆర్పుడు. తరువాత ఆ రైతునకు ఏ సహాయము అందక ఆ పని చేసినాడో విచారింపుడు. దండన కంటె ఆ విచారణ వలన మరుసటి ఏటికి ఎక్కువ మేలు కలుగును.

ఐదవది, హయత్‌నగర్, గునుగల్ క్షేత్రములకు మీ గ్రామము నుండి నలుగురు రైతులను, ఇద్దరు మహిళాసంఘ సభ్యులను పంపుడు. మండల వ్యవసాయాధికారి ద్వారా దినము కుదుర్చుకొనవచ్చును. చెవితో విన్నదాని కంటె కంటితో చూచినదానిని రైతు త్వరగా నమ్మును.

"కౌలురైతు సంగతి ఏమి?" అని మీలో కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. వచ్చే ఏడు ఆ చేను తనకు దక్కునో లేదో తెలియని కౌలుదారు, ఐదేండ్లకు ఫలమిచ్చు బయోచార్‌ను ఏల కలుపును? ఆతనికి నేలబాగు మాట చెప్పి లాభము లేదు. ఆ సీజనులోనే చేతికందు గడ్డిచుట్టల డబ్బు చూపవలెను. నేలబాగు ఖర్చు భూమియజమాని భరింపవలెనని కౌలుమాటలలోనే చేర్చునట్లు పెద్దమనుషులుగా మీరు నచ్చచెప్పగలరు. ఈ పని ఏ శాఖ ఉత్తరువు వలనను జరుగదు. ఊరి మాట వలననే జరుగును.

ఈ ఏడు గ్రామమంతటిని మార్చనక్కరలేదు. గ్రామమునకు పది మంది రైతులు, పది ఎకరముల వరి, పది ఎకరముల పత్తి చాలును. ఆ ఇరువది ఎకరములలో నిప్పు పడకుండ చూడుడు. ఎంత ఖర్చైనది, ఎంత వచ్చినది, ఏది కుదరలేదు అన్నియు ఒక పుస్తకములో వ్రాయుడు. కుదరనిదానిని కూడ దాచక వ్రాయుడు. పొరుగు పంచాయతీకి అదియే ఎక్కువ ఉపయోగపడును. ఆ లెక్కలను మాకు పంపినచో ఈ పత్రికలో ప్రచురించి తక్కిన గ్రామములకు అందజేయుదుము.

వరి కోతలకు ఇంక ఎన్ని దినములున్నవో మా కంటె మీకు బాగుగా తెలియును. ఆ కోతయంత్రము ఊరిలోనికి దిగక మునుపే గ్రామసభ చాటింపు వేయింపుడని కోరుచున్నాము.